బ్విండీ అడవిలో గొరిల్లాలను చూడాలంటే: పర్మిట్ నుంచి తిరుగు ప్రయాణం దాకా

"ఉగాండాలో గొరిల్లాలను అడవిలోనే దగ్గరగా చూడొచ్చట కదా, ఎలా వెళ్లాలి? ఎంతవుతుంది? పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? వాటితో ప్రమాదం లేదా?" ఈ నాలుగు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే మొత్తం వరుసగా ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం. కొండ గొరిల్లాలు ప్రపంచంలో రెండే రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి ఉగాండా, రువాండా, కాంగో మూడూ కలిసేచోట ఉన్న విరుంగా అగ్నిపర్వతాల వరుస. రెండోది ఉగాండా నైరుతి మూలనున్న బ్విండీ అడవి. ఏ జూలోనూ కొండ గొరిల్లా లేదు. 2018లో బ్విండీ ప్రాంతంలో చేసిన లెక్కింపులో 459 తేలాయి, విరుంగావి కూడా కలిపితే మొత్తం 1,063. ఈ వ్యాసం బ్విండీ గురించే. రువాండాలోనూ చూడొచ్చు, కానీ అక్కడ గొరిల్లాలను చూడటానికిచ్చే పర్మిట్ 1,500 డాలర్లు. కాంగో వైపు చవకే గానీ అక్కడి భద్రత పరిస్థితి చూస్తే కుటుంబంతో వెళ్లమని నేను చెప్పను.

కావలసినవి

- కనీసం ఆరు నెలల గడువు మిగిలిన పాస్‌పోర్టు
- ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు పసుపు పుస్తకం
- ఉగాండా ఈ-వీసా
- గొరిల్లా పర్మిట్ (మనిషికొకటి)
- ఒండ్రులో జారని, ముందే కాలికి అలవాటైన ట్రెకింగ్ బూట్లు
- మందపాటి ఫుల్ ప్యాంటు, ఫుల్ చేతుల చొక్కా, పొడవాటి సాక్సులు
- తోటపని చేసుకునే గ్లవ్స్ ఒక జత
- రెయిన్ కోటు, బ్యాగు మీద కప్పే కవరు
- మాస్కులు, కనీసం నాలుగైదు
- రెండు లీటర్ల నీళ్లు, మధ్యాహ్నం తినడానికి ఏదైనా
- చిన్న డాలర్ నోట్లు, కొంత ఉగాండా షిల్లింగు

గ్లవ్స్ ఎందుకని నవ్వకండి. ఆ వాలులో పట్టు కోసం చేతికందిన కొమ్మనల్లా పట్టుకుంటారు. ముట్టుకుంటే మంటపుట్టే ఆకులు, ముళ్లతీగలు అక్కడ అడుగడుగునా ఉంటాయి.

1. నెల ఎంచుకోండి

జూన్ నుంచి ఆగస్టు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి: ఈ రెండు కాలాల్లో వానలు తక్కువ. మార్చి నుంచి మే వరకు, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి నవంబరు వరకు వానలెక్కువ. ఇక్కడే మనవాళ్లకు ఒక చిక్కుంది. మన ఎండాకాలం సెలవులు సరిగ్గా అక్కడి వానాకాలంలో పడతాయి, దసరా సెలవులూ అంతే. సంక్రాంతి సెలవులు మాత్రం చక్కగా కుదురుతాయి. కుదరకపోతే జూన్ మొదటి వారం చూడండి.

వానల్లో గొరిల్లాలు కనిపించవని కాదు. అవి ఏడాది పొడవునా అక్కడే ఉంటాయి. నేల జారుతుంది, దారులు పాడవుతాయి, అంతే. రద్దీ తక్కువ కాబట్టి పర్మిట్లు సులువుగా దొరుకుతాయి. నడక మీద ధీమా ఉన్నవాళ్లకు అది కూడా మంచి కాలమే.

ఇంట్లో 15 ఏళ్లు నిండని పిల్లలుంటే ఇప్పుడే ఆలోచించుకోండి. వాళ్లను గొరిల్లాల దగ్గరకు పంపరు. పాస్‌పోర్టులో పుట్టినతేదీ చూస్తారు, అక్కడికెళ్లి బతిమాలితే లాభం లేదు. పెద్దవాళ్లు ఒక్కొక్కరుగా వేర్వేరు రోజుల్లో వెళ్లి, రెండోవారు పిల్లలతో లాడ్జిలో ఉండిపోవడం ఒక మార్గం.

2. విమానం టికెట్ కంటే ముందు పర్మిట్

చాలామంది పని తలకిందులుగా మొదలుపెడతారు. ఆఫర్ వచ్చిందని టికెట్లు కొనేసి, ఆ తర్వాత పర్మిట్ కోసం వెతుకుతారు. అప్పటికి ఆ తేదీలకు అయిపోయి ఉంటాయి. మనుషులకు అలవాటుపడిన ఒక్కో గొరిల్లా గుంపు దగ్గరకు రోజుకు ఎనిమిది మందినే పంపుతారు, అదీ ఒక్కసారే. డబ్బిస్తే తొమ్మిదో మనిషికి చోటు దొరకదు. జూన్-ఆగస్టు, డిసెంబరు రోజులకైతే ఆరు నెలల ముందే పట్టుకోవడం మంచిది.

విదేశీయులకు పర్మిట్ ధర 2024 జూలై నుంచి 800 డాలర్లు. ఉగాండాలో వర్క్ పర్మిట్ మీద ఉంటున్న విదేశీయులకు 700. కంపాలాలో ఉద్యోగం, వ్యాపారం చేసుకుంటున్న తెలుగువాళ్లు ఈ తేడా గమనించాలి. మీ రెసిడెన్సీ కాగితం చూపిస్తేనే ఆ ధర వర్తిస్తుంది. మిమ్మల్ని చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకు వర్తించదు. ధరలు మారుతుంటాయి కాబట్టి కొనేముందు ఉగాండా వైల్డ్‌లైఫ్ అథారిటీ తాజా పట్టిక చూడండి.

కొనే మార్గాలు రెండు. ఆ అథారిటీ రిజర్వేషన్ల విభాగం నుంచి నేరుగా తీసుకోవడం, లేదా లైసెన్సున్న టూర్ ఆపరేటర్ ద్వారా తీసుకోవడం. మొదటిసారి వెళ్లేవారికి రెండోదే తేలిక. బండి, డ్రైవరు, బస అన్నీ వాళ్లే కలిపి చూస్తారు. ఆపరేటర్ అసలైనవాడా కాదా అన్నది తేల్చుకోవడానికి, ఉగాండా టూర్ ఆపరేటర్ల సంఘం సభ్యుల జాబితాలో పేరుందేమో చూడండి. డబ్బు కట్టాక "పర్మిట్ బుక్ చేశాం" అన్న మాటతో సరిపెట్టుకోకండి, పర్మిట్ కాపీ పంపమనండి.

ఆ కాపీలో నాలుగు చూడాలి: పాస్‌పోర్టులో ఉన్నట్టే మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీ, సెక్టార్ (అంటే అడవిలో ట్రెకింగ్ మొదలయ్యే చోటు). మన పేర్లలో ఇంటిపేరు ముందా వెనకా అన్న గందరగోళం మామూలే కాబట్టి అక్షరం అక్షరం సరిచూడండి.

మామూలు పర్మిట్‌తో గొరిల్లాల ముందు దొరికే ఒక్క గంట చాలదనుకునేవారికి, బ్విండీ దక్షిణాన ఉన్న రుషాగాలో ఇంకో రకం పర్మిట్ ఉంది. ఇంకా మనుషులకు అలవాటు పడుతున్న గుంపుతో పరిశోధకులు, జాడ పట్టే ట్రాకర్లతో కలిసి నాలుగు గంటల దాకా గడపొచ్చు. ధర రెండింతలకు మించి ఉంటుంది. మొదటిసారికి మామూలుదే సరిపోతుందని నా అభిప్రాయం.

3. సెక్టార్ చూసి బస, సెక్టార్ చూసి దారి

బ్విండీలో ట్రెకింగ్ మొదలయ్యే చోట్లు నాలుగు: ఉత్తరాన బుహోమా, తూర్పున రుహిజా, దక్షిణాన రుషాగా, న్కురింగో. మ్యాపులో పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ కొండదారుల్లో మాత్రం ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లడానికి గంటలు పడుతుంది. రుషాగా పర్మిట్ తీసుకుని బుహోమాలో గది బుక్ చేసుకున్నవాళ్లు తెల్లవారుజామున బయలుదేరినా సమయానికి చేరలేకపోవచ్చు. ఆలస్యమైతే పర్మిట్ డబ్బు పోయినట్టే. అందుకని ముందు పర్మిట్, తర్వాత అదే సెక్టార్‌లో గది. ఈ వరుస తప్పకండి.

గొరిల్లా యాత్రలు 1993లో ముబారే అనే గొరిల్లా గుంపుతో మొదలైంది బుహోమాలోనే, బసలు కూడా అక్కడ ఎక్కువ. రుషాగాలో గుంపులెక్కువ కాబట్టి పర్మిట్ దొరికే అవకాశమూ ఎక్కువ. న్కురింగోలో ఎక్కుదిగుళ్లు గట్టిగా ఉంటాయి. మోకాళ్లు సహకరించనివారు అది వద్దనుకోవడం మేలు.

దారుల సంగతి: ఎంటెబ్బే విమానాశ్రయంలో దిగితే బ్విండీకి రోడ్డు మీద ఎనిమిది నుంచి పది గంటలు. ఒక రోజు పూర్తిగా దీనికే వదిలేయండి. దిగినరోజే అడవికి చేరాలన్న ప్లాన్ వేయకండి. డబ్బు పెట్టగలిగితే ఎంటెబ్బే నుంచి చిన్న విమానాలున్నాయి: బుహోమాకు కిహిహీలో, రుషాగా, న్కురింగోలకు కిసోరోలో దిగాలి. మూడో మార్గం రువాండా రాజధాని కిగాలీ. అక్కడి నుంచి దక్షిణ సెక్టార్లు నాలుగైదు గంటల్లో వస్తాయి. ఈ దారిలో వెళ్లేవాళ్లు ఉగాండా, రువాండా, కెన్యా మూడింటికీ చెల్లే 100 డాలర్ల ఈస్ట్ ఆఫ్రికా వీసా చూసుకోవాలి. ఏ దేశం ఇచ్చిందో ముందు ఆ దేశంలోనే దిగాలన్న నిబంధన ఉంది. ఇంకో మాట, రువాండాలో ప్లాస్టిక్ కవర్లు నిషేధం. అమ్మ కట్టిచ్చిన కారప్పూస, సున్నుండలు ఆ కవర్లలో ఉంటే డబ్బాల్లోకి మార్చండి.

4. టీకా, ఆ తర్వాతే వీసా

ఉగాండాలో దిగడానికి ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఈ-వీసా దరఖాస్తుకే దాన్ని జతచేయాలి. కాబట్టి టీకా ముందు, వీసా తర్వాత.

ఈ టీకా మామూలు ఆసుపత్రుల్లో వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిది. పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లండి. వారంలో అన్ని రోజులూ వేస్తారనుకోకుండా ముందే కనుక్కుని వెళ్లండి. వేసిన పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. కోడిగుడ్డు పడనివారు, గర్భిణులు, 60 దాటాక మొదటిసారి వేయించుకునేవారు డాక్టరుతో మాట్లాడకుండా వేయించుకోకూడదు.

పదో రోజు లెక్క పట్టించుకోనివాళ్లకు ఇబ్బంది రెండుచోట్ల వస్తుంది. వెళ్లేటప్పుడు అక్కడ ఆపుతారు. వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ ఆపుతారు. చెల్లే సర్టిఫికెట్ లేకుండా ఉగాండా నుంచి మనదేశానికి వచ్చేవారిని ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే నిబంధన ఉంది. పసుపు పుస్తకం చెకిన్ సూట్‌కేసులో కాక, పాస్‌పోర్టుతో పాటే ఉండాలి.

వీసా 50 డాలర్లు. ఉగాండా ప్రభుత్వ వెబ్‌సైట్ల చిరునామా గో డాట్ యూజీతో ముగుస్తుంది. అలా లేకపోతే అది దళారీ సైటు, ఎక్కువ గుంజుతారు. మలేరియా మాత్రల గురించి కూడా ఇప్పుడే డాక్టర్ని అడగండి. కొన్ని మాత్రలు ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి.

5. కాళ్లను సిద్ధం చేయండి

బ్విండీ 1,160 మీటర్ల నుంచి 2,607 మీటర్ల ఎత్తు దాకా ఉన్న కొండల అడవి. గొరిల్లాలు రాత్రి ఎక్కడ పడుకున్నాయన్న దాన్నిబట్టి నడక అరగంట కావచ్చు, ఆరేడు గంటలూ కావచ్చు. బాట ఉన్నంతవరకు బాట, తర్వాత గైడు కత్తితో కొమ్మలు నరుకుతూ చేసిన దారి.

రెండు నెలల ముందు నుంచి మెట్లెక్కడం మొదలుపెట్టండి, వీపున బ్యాగుతో. మనవాళ్లకు మంచి పరీక్ష అలిపిరి దారి. ఆ 3,550 మెట్లూ ఎక్కి, మర్నాడు మామూలుగా తిరగగలిగితే మీ కాళ్లు బ్విండీకి సరిపోతాయి. తేడా ఏమిటంటే అక్కడ మెట్లుండవు, బురద ఉంటుంది. దిగడం కూడా అంతే కష్టం. అందుకే దిగడం కూడా సాధన చేయండి. బూట్లు కొత్తవైతే ఈ రెండు నెలలూ అవే వేసుకోండి.

నడవలేని పెద్దవాళ్లను కూడా తీసుకెళ్లొచ్చు. కుర్చీలాంటి డోలీలో కూర్చోబెట్టి ఊరివాళ్లు వంతులవారీగా మోసుకెళ్తారు. ముందురోజే చెప్పిపెట్టాలి, ఖర్చు వందల డాలర్లలో ఉంటుంది.

6. ఆరోగ్యం: ఇక్కడ మొహమాటం వద్దు

అన్నింటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. గొరిల్లా జన్యువులు మనవాటితో సుమారు 98 శాతం కలుస్తాయి. మన జలుబు దానికీ వస్తుంది. మనకు రెండు రోజుల్లో తగ్గేది దానికి న్యుమోనియాగా మారొచ్చు. ఇది ఊహ కాదు. 1996లో బ్విండీలోని ఒక గుంపుకు గజ్జి సోకింది. వెంట్రుకలు రాలి, చర్మం పొలుసులు కట్టి, ఒక పిల్ల గొరిల్లా చనిపోయింది. మిగతావాటిని అప్పటి వైల్డ్‌లైఫ్ పశువైద్యురాలు గ్లాడిస్ కలేమా-జికుసోకా బృందం మందులిచ్చి బతికించింది. చుట్టుపక్కల మనుషుల నుంచే అది సోకిందని తేలింది. మనుషుల ఆరోగ్యం బాగుంటేనే గొరిల్లాలు బాగుంటాయన్న ఆలోచనతో ఆవిడ 2003లో ఒక సంస్థనే పెట్టారు.

కాబట్టి జలుబు, దగ్గు, జ్వరం, విరేచనాలు, ఒంటి మీద అంటుకునే దద్దుర్లు ఏవి ఉన్నా ఆ ఉదయం రేంజర్లకు చెప్పేయండి. 800 డాలర్లు పోతాయన్న బాధతో మాత్ర వేసుకుని దగ్గు దాచిపెట్టడం మహా తప్పు. ముందే నిజాయితీగా చెప్పినవారికి డబ్బు కొంత తిరిగివ్వడమో, ఇంకో రోజు ఇవ్వడమో చేసే పద్ధతి ఉంది. దాచి దారిలో దొరికిపోతే వెనక్కి పంపేస్తారు. అందుకే ప్రయాణానికి ముందు వారం పెళ్లిళ్లు, జనసమ్మర్దం తగ్గించుకోండి. విమానంలో మాస్కు పెట్టుకోండి. వీలుంటే ట్రెకింగ్ తర్వాత ఒక ఖాళీ రోజు ఉండేలా ప్లాన్ వేసుకోండి, వాయిదా పడినా ఇబ్బంది ఉండదు.

7. ఆ ఉదయం

బ్రీఫింగ్ ఏడున్నర, ఎనిమిది గంటలకు మొదలవుతుంది. పాస్‌పోర్టు, పర్మిట్ చూపించాలి. ఎనిమిదేసి మందిని ఒక్కో గుంపుకు కేటాయిస్తారు. మోకాలి నొప్పో, ఆయాసమో ఉంటే ఇప్పుడే చెప్పండి. అదే సెక్టార్‌లో కాస్త దగ్గరలో ఉన్న గుంపుకు మార్చే వీలుంటే మారుస్తారు. బయలుదేరాక మార్చరు.

పోర్టర్‌ని తప్పకుండా పెట్టుకోండి. సుమారు 20 డాలర్లు, టిప్ వేరు. "నా బ్యాగు నేనే మోసుకోగలను" అనకండి. అతను మోసేది బ్యాగొక్కటే కాదు, జారేచోట చెయ్యి పట్టి లాగేదీ వెనకనుంచి ఆపేదీ అతనే. పోర్టర్లంతా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. ఈ అడవి వల్ల ఆ ఇళ్లకు నాలుగు డబ్బులు నేరుగా వచ్చే దారి ఇదొకటి. 2020 జూన్‌లో రఫీకి అన్న పేరున్న సిల్వర్‌బ్యాక్‌ను, అంటే వీపు వెండిరంగుకు తిరిగిన పెద్ద మగ గొరిల్లాను, ఒక వేటగాడు బల్లెంతో పొడిచి చంపాడు. కోవిడ్‌తో యాత్రికులు ఆగిపోయిన రోజులవి. ఊరికి ఆదాయం ఉండటానికీ గొరిల్లా ప్రాణానికీ సంబంధం ఉంది, అందుకే ఇంతగా చెబుతున్నాను.

ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపేయండి. దారిలో బారులు తీరే సఫారీ చీమలు కాళ్లమీదకు పాకితే కొరికి వదలవు. ఆ బారు కనిపిస్తే దాటి వెళ్లండి, దానిమీద నిలబడకండి. మీ వెంట తుపాకులతో రేంజర్లుంటారు. అడవి ఏనుగులు ఎదురైతే గాల్లో కాల్చి బెదరగొట్టడానికే అవి. తెల్లవారకముందే వెళ్లిన ట్రాకర్లు, నిన్న గుంపు వదిలిన చోటినుంచి జాడ పట్టుకుని మీ గైడుకు వైర్‌లెస్‌లో చెబుతుంటారు.

8. గొరిల్లాల ముందు ఆ గంట

గుంపు దగ్గరపడగానే బ్యాగులు, కర్రలు, తిండి అన్నీ పోర్టర్ల దగ్గర వదిలేయాలి. మాస్కు ముక్కు మీద వరకు వేసుకోవాలి. గంట లెక్క మొదలయ్యేది గొరిల్లాలను చేరాకే, కంగారు పడకండి.

- గొరిల్లాకు 10 మీటర్ల దూరం ఉండాలి. రెండు కార్లు వరుసగా నిలిపితే వచ్చే దూరం కంటే కొంచెం ఎక్కువ. అది మీ దగ్గరకొస్తే మీరే మెల్లగా వెనక్కి జరగాలి.
- పిల్ల గొరిల్లా కాలు పట్టుకోవడానికి వచ్చినా ముట్టుకోకూడదు.
- ఫ్లాష్ వద్దు. ఫోన్‌లో ఆటోమేటిక్‌గా వెలుగుతుందేమో లాడ్జిలోనే ఆపేసుకోండి.
- తినడం, తాగడం, ఉమ్మడం, పొగ తాగడం కుదరవు.
- దగ్గు, తుమ్ము ఆగకపోతే అటు తిరిగి మోచేతిలో. తర్వాత కొంచెం దూరంగా వెళ్లండి.
- మరీ అవసరమైతే కాలకృత్యాలకు గైడును అడగండి. 30 సెంటీమీటర్ల గొయ్యి తీసి ఇస్తారు, తర్వాత పూడ్చేయాలి.

సిల్వర్‌బ్యాక్ ఒక్కోసారి గుండెలు బాదుకుంటూ మీదికొచ్చినట్టు దూసుకొస్తుంది. చాలావరకు అది బెదిరింపే. పరుగెత్తారో, నిజంగా వెంటపడుతుంది. అక్కడే మెల్లగా వంగి కూర్చోండి, దాని కళ్లలోకి చూడకండి, గైడు చెప్పింది చేయండి. వాళ్లు గొంతులో గురగురమనే శబ్దం చేసి "మేం శత్రువులం కాం" అని దానికి చెబుతారు.

ఫొటోల విషయంలో ఎక్కువమందికి వచ్చే తంటా ఒకటే. నల్లటి ఒళ్లు, చీకటి అడవి. కెమెరా తనంతట తాను వెలుగు పెంచేసి, గొరిల్లాను బూడిదరంగులో చూపిస్తుంది. ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే శక్తి) పెంచి, ఎక్స్‌పోజర్‌ను (ఫొటో ఎంత వెలుగుగా రావాలన్న సెట్టింగును) కొంచెం మైనస్‌లోకి తగ్గించండి. రెండు ఫొటోలు తీసి తెరమీద చూడండి: ఒళ్లు నల్లగా ఉండి, కళ్లలో మెరుపు కనిపిస్తే సరిపోయినట్టే. ఇంకా బూడిదగా ఉంటే మరికొంత తగ్గించండి. ఆ తర్వాత కాసేపు కెమెరా కిందపెట్టి ఊరికే చూడండి. ఆకులు ఎలా ఒలుచుకు తింటాయో, తల్లి పిల్లను ఎలా పక్కకు లాక్కుంటుందో ఫొటోలో సగమే దొరుకుతుంది.

9. బయలుదేరే ముందురోజు సరిచూసుకోవలసినవి

పర్మిట్‌లోని సెక్టార్, గది ఉన్న సెక్టార్ ఒకటేనా? పసుపు పుస్తకంలో తేదీకి పది రోజులు దాటాయా? డాలర్ నోట్లు కొత్తవేనా? 2009కి ముందు అచ్చయినవి, చిరిగినవి, గీతలున్నవి అక్కడ తీసుకోరు. ప్లగ్గు అడాప్టర్ తీసుకున్నారా? అక్కడివి మూడు చదరపు పిన్నులున్న బ్రిటిష్ సాకెట్లు, మన ఛార్జర్ దూరదు. చలికి స్వెటర్ ఉందా? ఆఫ్రికా అంటే ఎండే అనుకుంటారు గానీ, ఆ ఎత్తులో రాత్రి వణికిస్తుంది.

శాకాహారులు లాడ్జికి ముందే రాసి పెట్టండి. అరటికాయలు ఉడికించి మెదిపిన మటోకే, చిక్కుడుగింజల కూర, చపాతీ దొరకని చోటుండదు. ఊరగాయ మాత్రం మీదే.

మిగిలిన సాయంత్రం బట్వా ప్రజల ఊళ్లకు వెళ్లే అవకాశం ఉంటుంది. ఈ అడవిలోనే తరతరాలుగా బతికిన వాళ్లను 1991లో జాతీయ పార్కు ప్రకటించినప్పుడు బయటకు పంపేశారు, పరిహారంగా దక్కింది దాదాపు ఏమీ లేదు. వెళ్లేముందు మీరిచ్చే డబ్బు బట్వావాళ్ల చేతికే చేరుతుందా అని అడగండి. జవాబు తేలకపోతే ఆ టూర్ వదిలేసి, వాళ్లు అల్లిన బుట్టలు వాళ్ల దగ్గరే కొనండి.

10. ఇంటికొచ్చాక

బూట్లు, బట్టలు వేడినీళ్లతో ఉతికేయండి. మలేరియా మాత్రలు తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు వాడాల్సి ఉంటుంది, డాక్టరు చెప్పినన్ని రోజులూ మానకండి. తర్వాతి రెండు మూడు నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా, వైరల్ ఫీవరేలే అని ఊరుకోకుండా అదే రోజు రక్తపరీక్షకు వెళ్లి, "నేను ఉగాండా వెళ్లొచ్చాను" అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.